పదకొండేళ్లకు తీరిన మెటాలికా మొక్కు

హిందూపురం: ఇక్కడినుంచి బెంగుళూరుకు రైలు మార్గం వంద కిలోమీటర్ల పైచిలుకు. పొద్దున ప్యాసింజరు ఎక్కితే మధ్యాహ్నం భోజనం వేళకు ముందే దిగవచ్చు. పూల వ్యాపారులు, కూరగాయల వాళ్లు, ఫ్యాక్టరీ కూలీలు రోజూ పోయి వస్తూనే ఉంటారు. అదే ఊళ్లోని ఒక మైదానానికి చేరడానికి ఈ పట్టణానికి చెందిన ఒక మరమగ్గం కార్మికుడికి మాత్రం పదకొండేళ్లు పట్టింది. ఆయన వెళ్లింది పెళ్లికీ కాదు, ఆసుపత్రికీ కాదు. అమెరికా నుంచి వచ్చిన మెటాలికా అనే రాక్ బృందం కచేరీ వినడానికి. 2011 అక్టోబరు 30, ఆదివారం. దీపావళి దాటి నాలుగో రోజు.

పేరు రాయకూడదన్నది ఆయన పెట్టిన ఒకే ఒక షరతు. "రాస్తే వీధిలో నవ్వుతారప్పా. మగ్గం తోలేవోనికి ఇంగ్లీషు పాటలేంది అంటారు" అన్నారు. ఇప్పుడు ఆయనకు యాభై దాటాయి. మగ్గం వదిలేశారు. ఆ రోజు ఆయన వెంట వెళ్లింది ఈ విలేఖరే కనుక చూసినది చూసినట్టు రాయడానికి వీలైంది.

నల్ల అట్ట క్యాసెట్టు

2000లో మగ్గానికి కావలసిన సామాను కొనడానికి యజమాని ఆయనను బెంగుళూరు పంపాడు. పని ముగించుకుని మెజెస్టిక్ దగ్గర బస్సు కోసం తిరుగుతుంటే ఫుట్‌పాత్ మీద క్యాసెట్ల అంగడి కనిపించింది. అందులో ఒకదాని అట్ట పూర్తిగా నలుపు. బొమ్మ లేదు, పేరు లేదు. అచ్చు సరిగా పడని సరుకేమో, తక్కువకు ఇస్తాడని బేరమాడాడట. ఇంటికి వచ్చి దీపం దగ్గర పెట్టి చూస్తే ఆ నలుపులోనే చుట్ట చుట్టుకున్న పాము, ఒక మూల బృందం పేరు లీలగా కనిపించాయి. అది 1991 ఆగస్టులో విడుదలైన మెటాలికా ఆల్బం. దానికి బృందం పేరు తప్ప వేరే పేరు లేదు. అట్ట రంగును బట్టి లోకమంతా దాన్ని బ్లాక్ ఆల్బం అంటుంది. ఒక్క అమెరికాలోనే కోటీ అరవై లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి.

ఆయన ఏడో తరగతితో చదువు ఆపేశారు. ఇంగ్లీషు రాదు. మరి ఏం నచ్చింది? ఆయన మాటల్లోనే: "ఆ డ్రమ్ములు కొట్టేవోడు ఎవడో గాని, వాడికి మగ్గం తెలుసు అనుకున్నా. ఏడ ఆగల్లో, ఏడ తోలల్లో తెలిసినోడు."

ఈ మాట తీసిపారేయదగ్గది కాదు. హెవీ మెటల్ అని పిలిచే ఈ సంగీతం పుట్టిందే కార్ఖానా పొగలోంచి. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ ఇనుప పరిశ్రమల ఊరు. అక్కడ టోనీ అయోమీ అనే పదిహేడేళ్ల కుర్రవాడు 1965లో రేకుల ఫ్యాక్టరీలో పని మానేసే చివరి రోజున యంత్రం కింద కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. గిటారు మీద తీగలు నొక్కే చెయ్యి అది. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. నొప్పి తగ్గాలని తర్వాత తీగల బిగువు సడలించాడు. అలా సడలిన తీగల్లోంచి వచ్చిన బరువైన నాదమే బ్లాక్ సాబత్ అనే బృందానికి గుర్తు అయింది. 1981లో లాస్ ఏంజెలిస్‌లో మెటాలికాను స్థాపించిన కుర్రవాళ్లు సాబత్ పాటలు విని పెరిగినవాళ్లు. డెన్మార్కు నుంచి వచ్చిన లార్స్ ఉల్రిచ్ డ్రమ్ములు వాయించగలనని పత్రికలో చిన్న ప్రకటన ఇస్తే, జేమ్స్ హెట్‌ఫీల్డ్ దానికి జవాబిచ్చాడు. అంతే, బృందం మొదలు. 1986లో స్వీడన్‌లో వీళ్లు ప్రయాణిస్తున్న బస్సు బోల్తా పడి బేస్ గిటారు వాయించే క్లిఫ్ బర్టన్ చనిపోయాడు. అప్పటికి అతనికి 24 ఏళ్లు. ఈ సంగతులన్నీ మన కార్మికుడికి ఇంగ్లీషు చదివి తెలిసినవి కావు. నెట్ సెంటరులో పనిచేసే ఈ విలేఖరి చేత ఆదివారాలు చదివించుకుని, తెలుగులో చెప్పించుకుని గుర్తు పెట్టుకున్నవి. గంటకు పదిహేను రూపాయలు ఆయనే కట్టేవారు.

వైద్యుడు చెప్పిన మాట

మరమగ్గాల షెడ్డులోకి వెళ్లినవారికి తెలుసు, పక్కవాడితో మాట్లాడాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. ఇరవై మగ్గాలు ఒకే కప్పు కింద ఆడుతుంటే శబ్దం 90 డెసిబెల్స్ దాటడం మామూలు. రోజుకు ఎనిమిది గంటల పనికి మన దేశంలో 90 డెసిబెల్సే గరిష్ఠ పరిమితి. మన షెడ్డుల్లో ఎనిమిది గంటలతో ఆపేవారు ఎవరు? ఆయన పదిహేనో ఏట షెడ్డులో చేరారు. పన్నెండు గంటల షిఫ్టు.

లోపలి చెవిలో కంటికి కనిపించని సన్నని వెంట్రుకల వంటి కణాలు ఉంటాయి. శబ్దాన్ని పట్టి మెదడుకు అందించేవి అవే. ఏళ్ల తరబడి పెద్ద శబ్దం తగిలితే అవి చచ్చిపోతాయి. మళ్లీ మొలవవు. ముందు పోయేది సన్నని శబ్దాలు: పిచ్చుకల కిచకిచ, ఫోను మోత, చిన్నపిల్లల గొంతు, మాటల్లో స, శ వంటి అక్షరాలు. లావు శబ్దాలు చాలాకాలం నిలుస్తాయి. అందుకే ఇలాంటివారు "వినపడుతుంది గాని ఏమంటున్నారో తెలియదు" అంటుంటారు. ఇంట్లోవాళ్లు దాన్ని పరధ్యానం అనుకుంటారు. 2009లో ఆయన కూతురు "నాయనా" అని మూడుసార్లు పిలిచినా పలకకపోతే, భార్య పట్టుబట్టి చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. పరీక్ష చేసిన డాక్టరు మెత్తగానే చెప్పాడు. పోయింది తిరిగి రాదు. పని మారకపోతే ఉన్నదీ తగ్గుతుంది. మిషను పెట్టుకుంటే మాటలు వినవచ్చు.

శబ్దం వల్ల వచ్చే చెవుడు చట్టం గుర్తించిన వృత్తి వ్యాధి అన్న సంగతి చెప్పి తీరాలి. వైద్యుడి దృష్టికి వస్తే ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బు అది. చిన్న షెడ్డుల్లో పనిచేసేవారిలో ఎంతమందికి ఈ సంగతి తెలుసునో పాఠకులే ఊహించుకోవచ్చు.

డాక్టరు మాట విన్న తర్వాత ఆయన ఈ విలేఖరిని అడిగిన ప్రశ్న ఒకటే. "వాళ్లు మన దేశానికి ఎప్పుడొస్తారప్పా?"

అంతకు ముందే, 2007 మార్చి 17న ఐరన్ మెయిడెన్ అనే ఇంగ్లండు బృందం బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కు వచ్చింది. ఈ తరహా సంగీతంలో అంత పెద్ద బృందం మన దేశానికి రావడం అదే మొదలు. హిందూపురం నుంచి కూడా ఒకరిద్దరు కాలేజీ కుర్రవాళ్లు వెళ్లొచ్చారు. ఈయన పోలేదు. "మనోళ్లొచ్చినప్పుడు పోదాం లే" అన్నారు, తిరుపతి వెంకన్న ఉండగా వేరే దేవుడికి మొక్కడమెందుకు అన్నట్టుగా. చెవుల సంగతి అప్పటికి ఆయనకు తెలియదు.

టిక్కెట్టా, చెవి మిషనా?

2011లో కబురు రానే వచ్చింది. దేశంలో మొట్టమొదటి ఫార్ములా వన్ కార్ల పందెం అక్టోబరు 30న ఢిల్లీ దగ్గర బుద్ధ్ సర్క్యూట్‌లో జరగనుంది. ఆ సందర్భంగా 28న గుర్గావ్‌లో ఒక కచేరీ, 30న బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఇంకొకటి. మెటాలికా భారతదేశంలో అడుగు పెట్టడం అదే ప్రథమం.

ఒక్కో టిక్కెట్టు ఆయన వారం కూలి దాటింది. చీటీ పాడి ఆ డబ్బు తెచ్చారు. ఆ రాత్రి ఇంట్లో గొడవ. "ఆ దుడ్లతో చెవి మిషను కొనుక్కోకూడదా? చెవులు సరిగా వినపడనోనికి పాట కచేరీ ఎందుకు?" అని భార్య అడిగింది. న్యాయమైన ప్రశ్న. ఆయన చాలాసేపు మాట్లాడలేదట. చివరికి, "మిషను వచ్చే ఏడు కూడా దొరుకుతాది. వాళ్లు దొరకరు. వచ్చినా నాకు చెవులుండవు" అన్నారు. ఆమె మళ్లీ అడ్డు చెప్పలేదు. అయితే ఒంటరిగా పోవద్దని, తోడు తీసుకుపొమ్మని షరతు పెట్టింది. జనంలో ఎవరైనా పిలిచినా, వెనక బండి హారను కొట్టినా వినపడదని ఆమె భయం. అలా రెండో టిక్కెట్టు ఈ విలేఖరికి దక్కింది.

28వ తేదీ శుక్రవారం రాత్రి పిడుగులాంటి వార్త వచ్చింది. గుర్గావ్‌లో వేదిక ముందు కట్టిన అడ్డుకంచె జనం ఒత్తిడికి నిలవలేదు. ప్రమాదమని కచేరీ మరునాటికి వాయిదా వేశారు. గంటల తరబడి నిలబడిన జనానికి ఆ మాట వినగానే కోపం కట్టలు తెంచుకుంది. వేదిక ఎక్కి బ్యానర్లు చించారు, సామాను విరగ్గొట్టారు. మరునాడు కచేరీ పూర్తిగా రద్దయింది. నిర్వాహకుల్లో కొందరిని పోలీసులు అరెస్టు చేశారు.

శనివారం పొద్దున్నుంచీ ఆయన నెట్ సెంటరు మెట్ల మీదే కూర్చున్నారు. షిఫ్టుకు పోలేదు. ప్రతి అరగంటకూ లోపలికి వచ్చి, "బెంగుళూరుది ఉందా, పోయిందా?" అని అడగడం, స్క్రీను వంక చూసి మళ్లీ మెట్ల మీదికి పోవడం. కరెంటు పోయినప్పుడు మాత్రం ఆయన ముఖం చూడలేకపోయాం. సాయంత్రం దాకా రద్దు అన్న వార్త రాలేదు. "రాలేదంటే ఉన్నట్టే" అని తీర్మానించారు.

మేఖ్రీ సర్కిల్ దగ్గర తెల్ల చొక్కా

ఆదివారం ప్యాసింజరులో వెళ్లి యలహంకలో దిగాం. అక్కడినుంచి బళ్లారి రోడ్డు మీదుగా సిటీ బస్సులో మేఖ్రీ సర్కిల్. బస్సు దిగేసరికి రోడ్డంతా నల్ల చొక్కాలే. హైదరాబాదు, చెన్నై, కేరళ, ఈశాన్య రాష్ట్రాల కుర్రవాళ్లు. వాళ్ల మధ్య ఆయన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, నుదుట బొట్టు. పండగ మిగులు నిప్పట్లు ఒక సంచిలో. గేటు దగ్గర తనిఖీ చేసేవాళ్లు ఆ సంచి తీసుకుంటుంటే, వరుసలో ఉన్న పిల్లలకు పంచిపెట్టేశారు. గుర్గావ్‌లో నిరాశపడి రాత్రికి రాత్రి విమానమెక్కి వచ్చిన ఇద్దరు ఢిల్లీ కుర్రవాళ్లు కూడా అందులో ఉన్నారు. నిప్పట్టు తింటూ హిందీలో ఏదో అడిగారు. ఆయనకు హిందీ రాదు, పైగా వినపడదు. చేతులతో డ్రమ్ము కొట్టినట్టు చూపించారు. వాళ్లకు అర్థమైంది.

చెవుల్లో పెట్టుకోవడానికి ఇంటినుంచి దూది తెచ్చుకున్నారు. నిజానికి దూది ఇలాంటి శబ్దాన్ని పెద్దగా ఆపదు. నొక్కి పెట్టుకునే నురుగు బిళ్లలు మందుల అంగళ్లలో దొరుకుతాయి. ఇలాంటి చోట సగటు శబ్దం 100 డెసిబెల్స్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం పెట్టింది. అప్పటికి ఇలాంటి మాటే లేదు. అన్నట్టు, డ్రమ్ములు వాయించే లార్స్ ఉల్రిచ్‌కు కూడా చెవుల్లో ఎడతెగని హోరు ఉంది. ఈ సంగతి అతనే బయటకు చెప్పాడు. "చూసినావా, వాడూ షెడ్డు మనిషే" అని మన కార్మికుడు చాలాసార్లు అనేవారు.

చీకటి పడ్డాక దీపాలు ఆర్పేశారు. 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' అనే 1966 నాటి సినిమాకు ఎన్నియో మొరికోనే కట్టిన బాణీ వినిపించింది. మెటాలికా కచేరీకి అది గణపతి ప్రార్థన లాంటిది. అది మోగిందంటే బృందం వచ్చినట్టే. వేలాది గొంతులు ఒక్కసారి లేచాయి. ఆయన ఈ విలేఖరి మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఆ తర్వాత ఏం జరిగిందో వరస ప్రకారం రాయడం కష్టం.

మా జిల్లాలో ఉరుముల వాళ్లు జాతరలో వాయిస్తుంటే పక్కన నిలబడ్డవారికి తెలుసు, ఆ నాదం చెవికంటే ముందు రొమ్ముకు తగులుతుంది. ఇదీ అంతే, కాకపోతే వంద రెట్లు. కాళ్ల కింద నేల అదిరింది. సన్నని శబ్దాలు పోగొట్టుకున్న మనిషికి దేవుడు మిగిల్చిన భాగం అదే కనుక, పక్కనున్న కుర్రవాళ్లకంటే ఆయనకేమీ తక్కువ అందలేదని ఈ విలేఖరి అభిప్రాయం.

తక్కువ పడింది ఒక్కచోట. 'నథింగ్ ఎల్స్ మాటర్స్' అనే పాట ఒంటరి గిటారుతో నెమ్మదిగా మొదలవుతుంది. నల్ల అట్ట క్యాసెట్టులోని పాటే. జనం ఒక్కసారి మౌనమై సెల్‌ఫోన్లు పైకెత్తారు. ఆయన చుట్టూ చూసి, "ఏమైంది? నిలిపేసినారా?" అన్నారు. గుర్గావ్ భయం ఇంకా పోలేదు. మొదలైందని సైగ చేసి, ఆయన వీపు మీద వేళ్లతో తాళం వేయాల్సి వచ్చింది. ఆరు ఆరుగా నడిచే లెక్క. రెండు చరణాలు అలా గడిచాక డ్రమ్ములు అందుకున్నాయి. అప్పుడు ఆయనే చెయ్యి తీసేశారు.

ఆయన ఎదురుచూసిన పాట వేరే. దాని పేరు 'వన్'. 1988 నాటి ఆల్బం లోనిది. 1939లో డాల్టన్ ట్రంబో రాసిన ఒక నవల ఆధారంగా కట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఒక సిపాయి కాళ్లు చేతులు, కళ్లు, చెవులు, నోరు అన్నీ పోగొట్టుకుని ఆసుపత్రి మంచం మీద బతికి ఉంటాడు. తాను బతికే ఉన్నానని, ఆలోచిస్తున్నానని చుట్టుపక్కల వాళ్లకు చెప్పడానికి అతనికి దారి ఉండదు. చివరికి తల దిండుకేసి కొడుతూ తంతి ఆఫీసు లెక్కలో మాటలు చెబుతాడు. ఈ కథ నెట్ సెంటరులో చదివి చెప్పిన రోజున ఆయన గంట డబ్బులు ఇచ్చి, మిగతా గంట కూర్చోకుండా వెళ్లిపోయారు.

తుపాకుల మోతతో 'వన్' మొదలైంది. పాట నెమ్మదిగా నడిచి, సగం దాటాక డ్రమ్ములు మెషిన్‌గన్ పేలినట్టు మారతాయి. రెండు కాళ్లతో రెండు పెడళ్లు తొక్కి తెచ్చే వరస అది. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి ఆయన జనాన్ని తోసుకుంటూ పక్కనున్న ఇనుప కంచె దగ్గరికి పోయి రెండు చేతులతో కమ్మీ పట్టుకున్నారు. కళ్లు మూసుకున్నారు. తర్వాత ఈ విలేఖరి చెయ్యి లాగి అదే కమ్మీ మీద పెట్టించారు. ఇనుములోంచి ప్రతి దెబ్బా విడివిడిగా అరచేతికి తెలుస్తోంది. చెవికి హోరులో కలిసిపోయినది చేతికి లెక్కగా అందుతోంది. మగ్గం ఎక్కడ తేడా చేస్తోందో చట్రం మీద చెయ్యి పెట్టి కనిపెట్టే అలవాటు షెడ్డు కార్మికులందరికీ ఉంటుంది. ఆ రాత్రి అది అలా అక్కరకు వచ్చింది. చుట్టుపక్కల నలుగురైదుగురు కుర్రవాళ్లు కూడా చూసి కమ్మీ పట్టుకున్నారు.

ఆ తర్వాత 'మాస్టర్ ఆఫ్ పపెట్స్', 'ఎంటర్ శాండ్‌మన్', ఆఖరున 'సీక్ అండ్ డిస్ట్రాయ్'. దీపాలు వెలిగాక బృందం సభ్యులు గిటార్ల చిన్న పలకలు జనంలోకి విసిరారు. ఒక్కటీ మా దాకా రాలేదు. మేఖ్రీ సర్కిల్ దాకా నడిచి, దొరికిన బస్సులో మెజెస్టిక్ చేరి, స్టేషను ప్లాట్‌ఫారం మీద పడుకున్నాం. రాత్రంతా చెవుల్లో కీచురాళ్లు. తెల్లవారి రైల్లో ఆయన అన్నది, "నాకు రోజూ ఇంతే ఉంటాదప్పా. ఈ పొద్దు నీకూ తెలిసింది."

సోమవారం మధ్యాహ్నం షిఫ్టుకు ఆయన హాజరు. చీటీ అప్పు తీరడానికి ఆరు నెలలు పట్టింది. చెవి మిషను 2013లో కొన్నారు. మగ్గం మాని బంధువుల టీ అంగడిలో కూర్చుంటున్నారు. మిషనుతో మాటలు బాగానే వినిపిస్తాయి గాని పాట మాత్రం రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు ఉంటుందట. మాటల కోసం చేసిన యంత్రం కనుక అది సహజమే. అందుకని పాట వినాలంటే మిషను తీసి పక్కన పెడతారు. కూతురు కొనిచ్చిన స్పీకరును చెక్క మంచం కోడు మీద పెట్టి, పట్టె మీద అరచెయ్యి ఆనించి కూర్చుంటారు. ఇప్పుడు భార్య నవ్వదు. పక్కింటివాళ్లు తలుపు తడితే వెళ్లి శబ్దం తగ్గించేది ఆమే.

2025 మే 17న గన్స్ ఎన్ రోజెస్ బృందం ముంబయి మహాలక్ష్మి రేసుకోర్సుకు వచ్చినప్పుడు, ఈ వీధి కుర్రవాడొకడు బయలుదేరే ముందు టీ అంగడికి వచ్చి సలహా అడిగాడు. ఆయన గల్లా పెట్టెలోంచి నురుగు బిళ్లల పొట్లం తీసి ఇచ్చారు. స్పీకర్ల ముందు నిలబడవద్దన్నారు. నీళ్లు బాగా తాగి పొమ్మన్నారు. టీ డబ్బులు మాత్రం తీసుకున్నారు.